వెలుపలి గీత

ఇంగోల్‌స్టాట్,
14 ఏప్రిల్ 2020

చిరంజీవి ఫ్రాన్సిస్‌కు ఆశీస్సులు.

ఒంగోలు కళాశాలలో నీకు చరిత్ర చెప్పిన అఖ్తరున్నీసా మేడమ్ ఇరవై రెండేళ్ల తర్వాత జర్మనీ నుంచే ఉత్తరం రాయడం చూసి ఆశ్చర్యపోతావు. కొడుకు అమ్మార్‌నూ కోడలు రిదానూ చూసి రెండు నెలల్లో హైదరాబాద్ వెళ్లిపోదామని ఫిబ్రవరిలో వచ్చాను. ఇంతలో విమానాలు ఆగిపోయాయి. రిదాకు ఇప్పుడు మూడో నెల. అందుచేత నేనూ, నా పెట్టెలోని రాతప్రతీ ఇక్కడే చిక్కుకుపోయాం.

ఉత్తరం ఆ రాతప్రతి గురించే. ముప్పైయేళ్లు తరగతిలో చెప్పిన పాఠాన్ని డిగ్రీ విద్యార్థుల కోసం పుస్తకంగా రాశాను. అమెరికాలో అట్లాంటిక్ ఒడ్డున పదమూడు వలస రాజ్యాలు ఒక్కొక్కటిగా ఎలా మొలిచాయి, దాదాపు నూట డెబ్బై ఏళ్లు వేటి దారిన అవి ఎలా పెరిగాయి, చివరికి ఒక దేశంగా ఎలా కూడాయి అన్నది విషయం. విజయవాడ ప్రచురణకర్త వెంకటేశ్వర రావు గారు డిసెంబరులోగా కావాలన్నారు. పటాలు లేవు. ఈ దేశంలోనే క్లాస్తాల్‌లో నీవు పాత గనుల పటాలు గీసే ఉద్యోగంలో ఉన్నావని విన్నాను. గీసిపెడతావా? రాతప్రతి నకలు దీనితో పంపుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నా ఎడమ కన్ను పనిమాని నాలుగేళ్లయింది. కుడి కంటికి నెలనెలా ఒక సూది వేయించుకుంటూ ఉంటే చూపు నిలుస్తుందని డాక్టర్లన్నారు. ఇక్కడి కంటి క్లినిక్‌లో అమ్మార్ టెర్మిన్లు తీసుకున్నాడు. డాక్టరును చూడాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా ఈ దేశంలో ముందు టెర్మిన్ పుచ్చుకోవాలని నీకు నేను చెప్పనక్కరలేదు. కనుక కంగారు పడకు. అయితే ఈ పుస్తకంలో ప్రతి పటాన్నీ నా కంటితో సరిచూసుకుని, ఆ తర్వాతే కింద నా పేరు పెట్టాలని నా పట్టుదల. గీతలు లావుగా, నల్లగా ఉండనీ.

ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని అమ్మార్ నవ్వుతున్నాడు. పటానికి చెప్పే సవరణ కాగితం మీద ఉండాలి, లేకపోతే రేపు నీ మాట నీది, నా మాట నాది అవుతుంది.

మన తరగతి నియమం గుర్తుందనుకుంటాను.

నీ మేడమ్,
అఖ్తరున్నీసా

*

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
2 మే 2020

గౌరవనీయులైన మేడమ్ గారికి ఫ్రాన్సిస్ వందనాలు.

మీ ఉత్తరం పెట్టెలో చూడగానే, కవరు చింపకముందే, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా భార్య కెరోలిన్ ఇప్పటికీ ఆ మాటే పట్టుకుని నవ్వుతోంది.

నియమం మరవలేదు. మీరు ఏటా బోర్డు మీద సుద్దముక్కతో ఆ పటం గీసేవారు. వారానికి ఒక్క వలస రాజ్యం, పుట్టిన వరుసలో. మొదట వర్జీనియా, చిట్టచివర జార్జియా. బయటి గీత మాత్రం ఎన్నడూ గీయలేదు. మా వెనక బెంచీ పుల్లయ్య ఒకరోజు ఉండబట్టలేక లేచాడు.

"మేడమ్, ముందు చుట్టూతా ఒక గీత గీసేసి లోపల ముక్కలు కోసుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోద్ది గదండీ!"

"అయిపోతుంది నాయనా. నూట డెబ్బై ఏళ్ల చరిత్ర కూడా ఆ ఐదు నిమిషాల్లోనే అయిపోతుంది" అన్నారు మీరు. తరగతంతా నవ్వింది. తర్వాత మీరు చెప్పిన మాట నా నోటుపుస్తకంలో ఉంది: 'ఆ మనుషులకు తాము ఒక దేశం అవుతామని తెలియదు. వాళ్లకు తెలియనిది పటానికి ముందే తెలియకూడదు.'

నేనుండే ఊరి సంగతి కూడా అలాంటిదే. క్లాస్తాల్ ఒక గనుల పట్టణం, జెల్లర్‌ఫెల్డ్ మరొకటి. మధ్య ఒక చిన్న వాగు. ఆ దరి ఒక ప్రభువుది, ఈ దరి ఇంకో ప్రభువుది. కలిసి ఒక్క ఊరైంది 1924లోనే. మా ఇంటి యజమానురాలికి ఎనభై ఏళ్లు. ఇల్లు అద్దెకు తీసుకున్న రోజున "మీది క్లాస్తాలేనా అండీ?" అని అడిగాను. "ఎవరన్నారు? మాది జెల్లర్‌ఫెల్డ్. క్లాస్తాల్ వాళ్లకు గొప్పలెక్కువ" అన్నది. వాగు ఇప్పుడు రోడ్డు పక్కన ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆమె మాటలో మాత్రం నిండుగా పారుతోంది.

పటాలు గీస్తాను మేడమ్. అది మీరు అడగవలసిన విషయం కాదు, నాకు ఇచ్చిన గౌరవం. వర్జీనియా, మసాచుసెట్స్ పటాలు దీనితో పంపుతున్నాను.

మీ విద్యార్థి,
ఫ్రాన్సిస్

*

ఇంగోల్‌స్టాట్,
5 జూన్ 2020

చిరంజీవి ఫ్రాన్సిస్‌కు,

రెండు పటాలూ భూతద్దం కింద పెట్టి చూశాను. గీత శుభ్రంగా ఉంది. మూడు సవరణలు. ఒకటి, జేమ్స్‌టౌన్‌ను నదికి దక్షిణపు ఒడ్డున పెట్టావు, అది ఉత్తరపు ఒడ్డున ఉండాలి. రెండు, మసాచుసెట్స్ పటంలో ప్లిమత్‌ను విడిగా చూపించు. 1691 దాకా అది వేరే వలస. మూడు, పడమటి వైపు తెల్లగా వదిలేశావు. అక్కడ ఖాళీ లేదు నాయనా. ఈ పదమూడింటికంటే ఎంతో ముందునుంచీ అక్కడ జాతులున్నాయి, వాటికి పొలాలు, దారులు, ఒప్పందాలు ఉన్నాయి. తెల్లకాగితం అబద్ధం చెబుతుంది. వాటి పేర్ల పట్టిక దీనితో పెట్టాను.

ఇప్పుడు నాలుగో అధ్యాయం సరిదిద్దుతున్నాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని భాగమిది. ఒకచోట పొగాకు, ఒకచోట చేపలు, ఒకచోట వరి. ఒకచోట రాజు నియమించిన గవర్నరు, మరోచోట ఒక కుటుంబం సొత్తు. చర్చిలు వేరు, నాణేలు వేరు, పక్కవాడి మీద అనుమానం మాత్రం అందరిదీ ఒకటే. 1754లో ఆల్బనీలో కూర్చుని కలిసి ఉండటానికి ఒక పథకం రాసుకున్నారు. ఒక్క శాసనసభ కూడా ఒప్పుకోలేదు. నేను మెచ్చుకునేది ఆ తిరస్కారాన్ని కూడా. తొందరపడి కలవలేదు. ఊరూరా సభలు పెట్టుకుని, పన్ను గురించీ రోడ్డు గురించీ వాదించుకుంటూ, తమను తాము పాలించుకోవడం వంద ఏళ్లకు పైగా సాధన చేశారు. ఆ సాధనే వాళ్ల అసలు పునాది.

మెచ్చుకోవడంలో కళ్లు మూసుకోకూడదు. వర్జీనియాలో ప్రతినిధుల సభ తొలిసారి కూర్చున్న 1619 వేసవిలోనే ఆఫ్రికా మనుషులను ఓడలో తెచ్చి అమ్మారు. రెండూ ఒకే పేజీలో రాశాను. 1688లో జెర్మన్‌టౌన్‌లో నలుగురు కూర్చుని బానిసత్వం తప్పని కాగితం రాశారు. ఆ ఊరు కట్టినవాళ్లు ఈ జర్మనీ గడ్డ నుంచి వెళ్లినవాళ్లే.

నీకు నచ్చే సంగతి ఒకటి. ఇక్కడి హాలే పట్టణంలోని ఒకే ప్రాంగణం నుంచి జార్జియా వలసకు పాదిరీలు వెళ్లారు, మన తమిళ తీరపు తరంగంబాడికీ వెళ్లారు. 1740లలో ఆ హాలేలోనే తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. మన అక్షరాలూ జార్జియా అడవుల నుంచి వచ్చిన ఉత్తరాలూ ఒకే గోడల మధ్య ఉన్నాయన్నమాట.

అక్షరాలు పెద్దవైపోతున్నాయని తిట్టుకోకు. కలం కొత్తది. కంటి సంగతి మామూలే, టెర్మిన్ ప్రకారం జరుగుతోంది.

మేడమ్

*

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
25 జులై 2020

మేడమ్ గారికి,

మూడు సవరణలూ చేశాను. పడమటి జాతుల పేర్లు మీ పట్టిక ప్రకారం వేశాను.

దీనితో ప్రధాన పటం పంపుతున్నాను, 1750 నాటికి పదమూడు వలసలు. గనుల కార్యాలయం తిరిగి తెరిచారు. వారానికి మూడు రోజులు మాస్కు కట్టుకుని వెళ్తున్నాను. పని పేరుకుపోయి ఉంది. కాస్త హడావిడిలో గీశాను కనుక మీ ఎర్రసిరా కోసం ఎదురుచూస్తాను.

ఫ్రాన్సిస్

*

ఇంగోల్‌స్టాట్,
18 ఆగస్టు 2020

చిరంజీవి ఫ్రాన్సిస్‌కు,

పటం అందింది. చాలా బాగుంది. సవరణలేమీ లేవు. ప్రెస్సుకు పంపవచ్చు.

రిదా కులాసా. ఎండలు బాగున్నాయి.

మేడమ్

*

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
2 సెప్టెంబరు 2020

గౌరవనీయులైన మేడమ్ గారికి వందనాలు.

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను.

గనుల పటం గీసేవాడికి ఒక అలవాటు ఉంటుంది. ముందు గని హద్దు గీస్తాడు, ఆ తర్వాతే లోపలి సొరంగాలు. హద్దు లేకుండా మా కార్యాలయంలో కాగితమే కదలదు. పదేళ్లుగా చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. మీకు పంపిన ప్రధాన పటంలో పదమూడు వలసల చుట్టూ లావుగా, నల్లగా బయటి గీత గీశాను. 1750 పటంలో! పోస్టు చేసి ఇంటికి వచ్చి నకలు చూసుకుంటే కనబడింది. వెంటనే రాద్దామనుకున్నాను. తర్వాత మీ చేత తిట్లు తినడమే న్యాయమనిపించి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ తిట్ల కోసం ఆశగానే ఎదురుచూశాను.

మీరు 'చాలా బాగుంది' అన్నారు.

మేడమ్, ఆ గీతను మీరు చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. మీ ఉత్తరంలో రెండో పంక్తి మూడో పంక్తి మీదికి ఎక్కింది. మీ చేతిరాతను బోర్డు మీద మూడేళ్లు చూసినవాణ్ణి.

నేను అడగకూడని మాట అయితే క్షమించండి. మీకు పటం కనబడిందా?

ఫ్రాన్సిస్

*

ఇంగోల్‌స్టాట్,
12 సెప్టెంబరు 2020

చిరంజీవి ఫ్రాన్సిస్‌కు,

నేను చెబుతుంటే రిదా రాస్తోంది. నీ ఉత్తరం కూడా తనే చదివి వినిపించింది.

కనబడలేదు. కాగితం మీద ఏదో నల్లగా ఉందని తెలిసింది. నీ పనితనం మీద నమ్మకంతో బాగుందన్నాను. చరిత్ర చెప్పేవాళ్లు చేయకూడని పని అది. చూడనిదాన్ని చూసినట్లు రాశాను. నా ముప్పైయేళ్లలో ఇది మొదటిసారి, ఇక చివరిసారి కూడా.

వెంకటేశ్వర రావు గారికి రాస్తాను. నేను సరిచూడలేని పుస్తకం మీద నా పేరు ఉండదు. రాతప్రతిని ఇంకెవరికైనా ఇచ్చి పూర్తి చేయించుకోమంటాను. నీ శ్రమ వృథా అయినందుకు నన్ను మన్నించు.

అఖ్తరున్నీసా

ఫ్రాన్సిస్ భాయ్, ఇక్కడి నుంచి అమ్మీ చెప్పింది కాదు, నేను రిదా రాస్తున్న. నాది స్కూల్ల సెకండ్ లాంగ్వేజ్ తెలుగు, తప్పులుంటే మాఫ్ చెయ్యండి. అమ్మీ బాల్కనీల కూసొని ఉంది.

మొన్న క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ అత్తగారు మూడు టెర్మిన్లకు రాలేదు, ఇంక కావాల్నా వద్దా?" అని. అమ్మార్ ప్రతిసారి గేట్ కాడ దింపేటోడు. తోడు ఉన్నోళ్లను లోపలికి రానివ్వరు గదా, కార్లనే కూసునేటోడు. అమ్మీ లోపలికి పోయినట్టు పోయి, వెనక తోటల బెంచి మీద గంట కూసొని వచ్చేది.

"సూది ఏసిన్రా అమ్మీ?" అంటే "హా బేటా, ఏసిన్రు" అనేది.

నిన్న గట్టిగ అడిగిన. "ఆ వెయిటింగ్ రూమ్ల అందరు దగ్గుతుండ్రు రిదా. నీకు కడుపుల బిడ్డ. నేను ఆ జబ్బు ఇంటికి తెస్తే నీ మొకం ఎట్ల చూడాలె?" అంటది. "నా బిడ్డ కోసం మీ కన్ను ఇచ్చుకుంటరా, నన్ను ఎవరు అడిగిన్రు?" అని నేను ఏడ్చిన. ఆమెనే నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాస్ బల్ల అంచు మీద పెట్టింది, కింద పడ్డది.

సోమవారం నుంచి సూదులు మళ్ల మొదలు. డాక్టర్ చెప్పిండు, పోయిన చూపు రాదు, మిగిలింది నిలబెట్టొచ్చు అని. వెలుతురు, మనిషి ఆకారం కనబడుతది. అక్షరం కనబడదు. మీరేమన్న చెయ్యండి భాయ్. పుస్తకం ఆపేస్తే ఈమె మనిషి ఉండదు.

*

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
8 నవంబరు 2020

గౌరవనీయులైన మేడమ్ గారికి వందనాలు. ఈ ఉత్తరం రిదా చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా రిదా, పాప పుట్టినందుకు మీ ఇంటిల్లిపాదికీ మా శుభాకాంక్షలు. మెల్లగా చదువు.

మేడమ్, మళ్లీ అన్నీ మూసేశారు. ఈ ఖాళీలో మీ రాతప్రతి ఏడో అధ్యాయం మరోసారి చదివాను. 1774లో రాజు ప్రభుత్వం బోస్టన్ రేవు మూయించింది. బోస్టన్ ఆకలిని దక్షిణాన ఉన్నవాళ్లెవరూ కళ్లతో చూడలేదు. వాళ్లకు అందినవి ఉత్తరాలే. ఒక్కో ఊళ్లో ఉత్తరాల సంఘం ఒకటి పెట్టుకుని, గుర్రం మీద వారాల తరబడి ప్రయాణం చేసిన కాగితాన్ని నలుగురిలో పైకి చదివించుకుని, విని, ప్రశ్నించి, జవాబు రాసేవారు. విన్నదాని మీద నమ్మకంతోనే కరోలినా వాళ్లు బియ్యం పంపారు, కనెక్టికట్ వాళ్లు గొర్రెల మందను తోలారు. ఆ సెప్టెంబరులో పన్నెండు వలసల ప్రతినిధులు ఒక గదిలో కూర్చున్నారు. వెనకబడిన జార్జియా మరుసటి ఏడాది వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఆల్బనీలో కుదరనిది అప్పుడు కుదిరింది. 'ఒకరి మాట ఒకరు వినడం అలవాటైన తర్వాతే వాళ్లు ఒక దేశం అయ్యారు' అని ఆ అధ్యాయం చివర రాసింది మీరే.

మరి రిదా చదువుతుంది, మీరు వింటారు, తప్పనిపించినచోట ఆపుతారు. అది సరిచూడడం కాదా? అక్షరాల సంగతి అలా తేలుతుంది. వెంకటేశ్వర రావు గారితో మాట్లాడాను. అక్కడ ప్రెస్సే సరిగా నడవడం లేదట. ఫిబ్రవరి దాకా ఆగుతామన్నారు. పుస్తకం మేడమ్‌ది, ఇంకొకరితో చేయించే ప్రసక్తే లేదన్నారు.

ఇక పటాలు. దానికి నాకు కొన్ని వారాలు కావాలి. జనవరిలో ఒక పెట్టె వస్తుంది. అది పటమే, కానీ కళ్లతో చూసేది కాదు. మా కార్యాలయంలో గని లోతు తెలియడానికి పలుచని చెక్క రేకులు పొరలుగా అతికించి నమూనాలు చేస్తాం. ఆ పద్ధతినే వాడుతున్నాను. 1776 నాటికి ఆ వలసకు ఉన్న వయసులో పాతికేళ్లకు ఒక పొర. ఈసారి వర్జీనియాతో మొదలుపెట్టి పుట్టిన వరుసలోనే ఒక్కొక్క ముక్క కోస్తున్నాను. బయటి గీత లేదు.

మీరు వేలితో సరిచూసి, బాగుంటే బాగుందనండి. బాగులేకపోతే దయచేసి తిట్టండి. మీరు సరేనన్నాకే దీని మీద కాగితం పరిచి అచ్చుకు పటం గీస్తాను.

నేను గనుల్లో పనిచేసే మనిషిని. అడుగున ఏమున్నదో తెలియకుండా పైన గీత గీయకూడదని ఈ దేశం నేర్పిందనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఒంగోలులో, రెండో అంతస్తు గదిలో నేర్చుకున్నదే.

మీ విద్యార్థి,
ఫ్రాన్సిస్

*

ఇంగోల్‌స్టాట్,
7 ఫిబ్రవరి 2021

చిరంజీవి ఫ్రాన్సిస్‌కు,

ఇది నా చేతిరాతే. అమ్మార్ ఒక అట్టముక్కలో పంక్తికి ఒకటి చొప్పున సన్నని కిటికీలు కోసి ఇచ్చాడు. దాన్ని కాగితం మీద పెట్టుకుని కిటికీలోనే రాస్తున్నాను. పంక్తి మీద పంక్తి ఎక్కితే తప్పు అమ్మార్‌ది.

రాతప్రతి మొత్తం రిదా చదివింది, నేను విన్నాను. రోజుకు రెండు గంటలు, ఒళ్లో పాపను పెట్టుకుని. నలభై ఒక్కచోట్ల ఆపాను. పదహారుచోట్ల ఆపింది రిదా. "అమ్మీ, ఈ ముక్క నాకే సమజ్ కాలే, స్టూడెంట్లకు ఎట్ల సమజ్ అయితది?" అంటే తిరగరాశాను. పుస్తకం దానివల్ల బాగుపడింది. ముందుమాటలో తన పేరు ఉంటుంది.

పెట్టె వచ్చి వారమైంది. వారం రోజులూ పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క రోజు కాస్త కాస్తగా చదివాను. దక్షిణం నుంచి మొదలుపెట్టాను. జార్జియా దగ్గర రెండు పొరలు. వేలికి నేలలాగే ఉంది, నిన్నమొన్న పుట్టింది కదా. పెన్సిల్వేనియా నాలుగు. వర్జీనియా అంచు తగిలినప్పుడు వేలు మెట్టెక్కినట్లు ఎక్కింది. ఏడు పొరలు. నూట అరవై తొమ్మిదేళ్లు నా గోటికి తగిలాయి. ముప్పైయేళ్లు సుద్దముక్కతో నేను చెప్పడానికి ప్రయత్నించింది ఇది. బోర్డు మీద అన్నీ ఒకే ఎత్తులో ఉండేవి ఫ్రాన్సిస్. కళ్లున్నప్పుడు నాకు ఆ లోటు తెలియలేదు.

పడమట చెక్కను అరగదీసి అరగదీసి ఏమీ లేకుండా చేశావు. ఆ తర్వాత వేలు బల్ల మీద పడుతుందనుకున్నాను. నేత బట్ట తగిలింది. అక్కడ ఖాళీ లేదన్న మాట మరిచిపోలేదు నువ్వు. చుట్టూ రెండుసార్లు తడిమాను. బయటి గీత లేదు. ఇరుగుపొరుగు ముక్కల మధ్య సందు మాత్రమే ఉంది, అది కూడా వెంట్రుక దూరేంత.

నువ్వు తరగతికి రాని రోజు ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. ఇప్పుడు తెలుస్తోంది, వచ్చి ఊరికే కూర్చోలేదని.

ఇక అసలు విషయం. ఉత్తరాన న్యూ హ్యాంప్‌షైర్ దాటి వేలు పెడితే ఏమీ తగల్లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ ఏమీ లేదు. మెయిన్ ప్రాంతం ఏదీ? మధ్యలో న్యూ హ్యాంప్‌షైర్ అడ్డం ఉన్నా మెయిన్ ఆ రోజుల్లో మసాచుసెట్స్‌దే. విడిగా దూరంగా ఉన్నంత మాత్రాన ఒకే వలస కింద లెక్కకు రాదా? హద్దు కలవకపోతే ఒకటి కాదని నీ గనుల కార్యాలయం చెబుతుందేమో, చరిత్ర చెప్పదు. అంత పెద్ద నేలను సముద్రంలో కలిపేశావు! కళ్లున్నవాడివి, పైగా పటాలు గీసి బతికేవాడివి, సిగ్గుండాలి. సరిచేసి, మసాచుసెట్స్‌తో సమానంగా ఆరు పొరల ఎత్తు తగ్గకుండా వేసి, పదిహేను రోజుల్లో పంపు. అది చేతికి తగిలాకే నా పేరు పెడతాను.

నీ మేడమ్,
అఖ్తరున్నీసా